సంఘస్తురాలు

ఆరాధన ముగిసింది. తెల్లచీరలు ఒక్కొక్కటిగా చర్చి మెట్లు దిగుతున్నాయి. అందరికన్నా చివర దిగేది కుసుమకుమారే. కిటికీలు వేసి, చాపలు చుట్టి మూలకు నిలబెట్టి, తలుపుకు తాళం వేసి, చెవి పాస్టరు జ్ఞానానందం గారి చేతికిచ్చింది. బైబిలు చంకలో పెట్టుకుని రోడ్డు మీదికి వచ్చేసరికి మోటారు సైకిలొకటి ఆమె కాళ్ళకు అడ్డంగా ఆగింది.

వెంకటప్పయ్య గారి అబ్బాయి ప్రణవ్. ఏటిగట్టుపాలెంలో సగం మాగాణి వాళ్ళదే. ఆ ఏడు సేద్యం కొడుకే చూస్తున్నాడు.

"ఏడింటికి రమ్మన్నానా లేదా?"

"ప్రార్థనయ్యాక వస్తామని నిన్ననే చెప్పాను గదా బాబూ. చీరలు మార్చుకుని వచ్చేస్తాం."

"కాలవ వంతు మధ్యాహ్నంతో అయిపోద్ది. మీ ప్రార్థన కోసం నీళ్ళు ఆగుతాయా?"

"నారంతా పీకి గట్టు మీద పెట్టే ఉంచాం. పొద్దుగూకేలోపల ఊడ్చేస్తాం. మా నాట్ల ముఠా ఎప్పుడన్నా మాట తప్పిందా? మీ నాన్నగారినే అడగండి."

నాన్న పేరు ఎత్తడమే అతనికి నచ్చలేదో, తన ముఖంలోకి చూసి మాట్లాడటమే నచ్చలేదో, బండి స్టాండు వేసి దిగాడు. దిగినవాడు ఇంకేమీ అడగలేదు. చెంప మీద కొట్టాడు. బైబిలు జారి రోడ్డు పక్క బోదెలో పడింది. కులం పేరు పెట్టి ఒక మాట అన్నాడు. ఆ మాట వెనక వాళ్ళమ్మను కలిపి ఇంకో మాట అన్నాడు. అరవలేదు. దున్నపోతును అదిలించినట్టు మామూలుగా అన్నాడు. తరవాత బండెక్కి వెళ్ళిపోయాడు.

మెట్ల మీద, రోడ్డు మీద, అరుగుల మీద సంఘమంతా ఉంది. సంఘపెద్ద రాజారత్నం గారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నారు. పాస్టరు గారి చేతిలో తాళం చెవి అట్లాగే ఉంది. ముఠాలో ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఒక్కరూ మాట్లాడలేదు.

కుసుమకుమారి బోదెలోకి దిగి బైబిలు తీసింది. బురద కారుతున్న పుస్తకాన్ని తెల్లచీర కొంగుతో తుడిచింది. చెంప మంట కన్నా, తన వెనక ఉన్న ఆ నిశ్శబ్దం ఎక్కువ మండింది.

మర్నాడు పొద్దున ఆమె రేపల్లె వెళ్ళి, తెలిసిన వకీలును వెంటబెట్టుకుని ఫిర్యాదు ఇచ్చింది. అట్రాసిటీ కేసు కట్టారు. బస్సు దిగి పాలెంలోకి నడిచి వస్తుంటే వెంకటప్పయ్య గారి చేలో వరుసగా వంగిన నడుములు కనిపించాయి. తన ముఠానే. రాహేలు ముందు ఉంది. కుసుమకుమారికి ఆడపడుచు వరస, పదేళ్ళ నుంచి పక్కపక్కనే ఊడ్చిన మనిషి. గట్టు మీద కుసుమకుమారి నడుస్తున్నంతసేపూ ఎవరూ తలెత్తలేదు. మొక్కలు మాత్రం చకచకా బురదలోకి దిగుతూనే ఉన్నాయి.

బుధవారం తెనాలి నుంచి డేనియల్ వచ్చాడు. కుసుమకుమారికి అన్న. హైస్కూల్లో లెక్కలు చెప్తాడు. చెల్లెలి చెంప చూశాడు, ఆ వెంటనే చూపు తిప్పుకున్నాడు. మేనకోడలు ప్రియ టీ ఇస్తే తాగకుండా గ్లాసు చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు.

"వాళ్ళు అర్జీ పెట్టారు కుసుమా. నువ్వు క్రైస్తవురాలివి, ఎస్సీవి కావు, కేసు చెల్లదు అని. రేపు బాపట్లలో విచారణ. పాస్టరు గారిని కూడా పిలిచారు."

"నేను ఎస్సీని కాకపోతే ఇంకేంటంట?"

"క్రైస్తవుల్లో కులం లేదు గదా అంటారు. కులం లేని మనిషిని కులం పేరుతో తిట్టడం ఎట్లా కుదురుద్ది అంటారు."

"తిట్టాడు గదా."

"తిట్టాడు."

"మరి లేని కులం వాడికెట్లా తెలిసింది?"

డేనియల్ టీ ఒక్క గుక్కలో తాగేసి గ్లాసు కింద పెట్టాడు.

"అవన్నీ మనకెందుకు. అడిగితే చర్చికి వెళ్ళనని చెప్పు. పండగలకి అందరూ పోతుంటే చూడ్డానికి పోయానని చెప్పు. మన కాగితాల్లో హిందువులమనే ఉంది. నా ఉద్యోగం దాని మీదే వచ్చింది. రాజారత్నం గారి ఉద్యోగం దాని మీదే వచ్చింది. ఇప్పుడు ప్రియది."

ప్రియ గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉంది. ఆ పిల్ల టీచరు ఉద్యోగానికి ఎంపికైంది. ఇంకా చేతికి ఆర్డరు రాలేదు.

"నువ్వు అక్కడ క్రైస్తవురాలినని చెప్తే రేపు నా మీదా అర్జీ పెడతారమ్మా. నా మీదే కాదు, పాలెంలో చదువుకున్న ప్రతి పిల్ల మీదా పెడతారు."

"అబద్ధం చెప్పమంటావు."

"అందరూ చెప్పేదే చెప్పమంటున్నా. దేవుడికి తెలీదా మన సంగతి? ఆయనకి కోపం వస్తే వచ్చింది. ఆయన నాకు ఉద్యోగం ఇస్తాడా?"

కుసుమకుమారి కూతురి వైపు చూసింది. ఈ పిల్ల చేత ఆదివారం బడిలో వాక్యాలు కంఠతా పట్టించింది తనే. కోపం రాలేదు. తనక్కూడా నాలుగు రోజుల నుంచి అదే అనిపిస్తోంది. చెంప మీద దెబ్బ పడ్డప్పుడు ఆయన ఎక్కడున్నాడు? మెట్ల మీద ఉన్నాడా, అందరితోపాటు?

సాయంత్రం పాస్టరు గారు స్వయంగా ఇంటికి వచ్చారు. మెత్తటి మనిషి. ఎవరినీ నొప్పించరు. మంచం అంచున కూర్చుని ప్రార్థన చేశారు. లేచి వెళ్తూ వాకిట్లో ఆగి, "దేవుడు హృదయాన్ని చూస్తాడమ్మా, పై మాటల్ని కాదు. రేపు ఏం చెప్పాల్సి వచ్చినా మనసులో పెట్టుకోకు," అన్నారు.

"చెప్తే పాపం కాదంటారా?"

"సంఘం అంతా నీ నోటి మాట మీద ఉంది. అది ఆలోచించు."

సంఘం అంతా నా వెనకే ఉంది ఆ రోజు, అనబోయి ఊరుకుంది. సరేనన్నట్టు తలూపింది. ఆ తల ఊపడం నిజమే. ఆ అబద్ధం చెప్పేద్దామనే అనుకుంది.

బాపట్లలో ఆఫీసు వరండా నిండా మనుషులు. సూర్యలంకకు పోయే ఆటోలు బయట రోడ్డు మీద కేకలేస్తున్నాయి. పన్నెండు దాటాక లోపలికి పిలిచారు. రెండు పక్షాలనూ ఒక్కసారే పిలిచారు. ప్రణవ్ ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. వాళ్ళ నాన్న రాలేదు. వకీలు వచ్చాడు. ఇటు పక్క డేనియల్, ప్రియ గోడవారగా నిలబడ్డారు. కుసుమకుమారి కొత్తగా బొట్టు పెట్టుకుంది. పొద్దున బయల్దేరేముందు ప్రియే పెట్టింది. నుదుటి మీద అదేదో ఈగ వాలినట్టు ఉంది. చెయ్యి పైకి వెళ్ళినప్పుడల్లా ప్రియ కళ్ళతోనే వద్దంటోంది.

విచారణ అధికారి ముఖం ఎత్తకుండా రాసుకునే మనిషి. ముందు పాస్టరు గారిని పిలిచాడు.

"ఏటిగట్టుపాలెం చర్చికి మీరేనా పాస్టరు?"

"అవునండి."

"ఈమె మీ చర్చి సభ్యురాలా?"

జ్ఞానానందం గారు కుసుమకుమారి వైపు తిరగలేదు. అధికారి బల్ల మీది గాజు పేపరువెయిటును చూస్తూ ఉన్నారు.

"కాదండి. ఈమె మా సంఘస్తురాలు కాదు."

"ఆదివారం ప్రార్థనకి రారా?"

"నేను చూడలేదండి."

"బాప్తిస్మం?"

"లేదండి. ఈమె గురించి నాకు పెద్దగా తెలియదండి."

చెప్పాల్సిందానికన్నా ఒక మాట ఎక్కువే చెప్పారు. కుసుమకుమారి చూస్తూ ఉంది. తనకు బాప్తిస్మం ఇచ్చిన చెయ్యి అది. తన పెళ్ళి చేసింది, తన మగడిని సమాధి చేసినప్పుడు మొదటి మట్టి వేసింది. పోయిన ఆదివారం ఆ అరచేతిలోనే తాళం చెవి పెట్టింది. ఇదంతా తన కోసమేనని తెలుసు. ఈ మాట ఆయన చేత అనిపించింది తామేనని తెలుసు. తెలిసినా ఆ చేతి మీది నుంచి చూపు తిప్పుకోలేకపోయింది.

ప్రణవ్ పక్కకు తిరిగి వకీలుతో, వినపడేట్టే అన్నాడు. "చూశారా. ఒక్క దెబ్బకి వీళ్ళ దేవుడు కూడా పారిపోయాడు."

వకీలు నవ్వు ఆపుకున్నాడు. అధికారి విననట్టు కాగితం తిప్పాడు.

"నువ్వు చెప్పమ్మా. చర్చికి వెళ్తావా?"

లేదండి అనాలి. నోట్లోకి వచ్చింది కూడా. నాలుక మీద ఆ మాట ఉంది. ప్రియ ఊపిరి బిగబట్టి చూస్తోంది.

"వెళ్తానండి," అంది కుసుమకుమారి.

అధికారి మొదటిసారి తలెత్తాడు.

"ప్రతి ఆదివారం వెళ్తాను. చర్చి ఊడ్చేది నేనే. గంట కొట్టేది నేనే. ఆయన నాకు బాప్తిస్మం ఇచ్చారు. ఇప్పుడు అబద్ధం చెప్పారు. నా కోసమే చెప్పారు, ఆయన్నేమీ అనొద్దు. ఈ బొట్టు నాది కాదు." మణికట్టుతో నుదురు తుడిచేసుకుంది. "నేను చర్చి మెట్ల ముందే దెబ్బ తిన్నాను. చేతిలో బైబిలు ఉంది. అది చూసి ఈ బాబు నన్ను ఏ కులమూ లేనిదని వదిలిపెట్టలేదు. మా తాత ముత్తాతల్ని ఏ పేరుతో పిలిచారో ఆ పేరుతోనే పిలిచాడు. అది కూడా రాసుకోండి."

భక్తితో అన్న మాట కాదు అది. భక్తి ఆ సమయానికి ఆమెలో ఎక్కడా లేదు. కోపంతో అంది. ఆ కోపం ప్రణవ్ మీదో, పాస్టరు గారి మీదో, తన మీదో, పైనున్నాడో లేడో తెలియని వాడి మీదో ఆమెకే విడమరచి చెప్పడం చేతకాదు.

అధికారి చాలాసేపు రాశాడు. రాయడం ఆపి కలానికి మూత పెట్టాడు. "అమ్మా, నువ్వు ఇట్లా చెప్పాక ఆ అట్రాసిటీ సెక్షను నిలవదు. కొట్టినందుకు మామూలు కేసు ఉంటుంది. రూలు అది. నేను చేసేదేం లేదు," అన్నాడు. గొంతులో వెటకారం లేదు, జాలీ లేదు.

తిరుగు బస్సులో డేనియల్ చెల్లెలి పక్కన కూర్చోలేదు. ప్రియ కిటికీ వైపు తిరిగి పిట్టలవానిపాలెం దాకా ఏడ్చింది. అక్కడి నుంచి ఏడవడం మానేసి బిగుసుకుని కూర్చుంది.

"నా ఉద్యోగం పోతే?" అంది బస్సు దిగాక.

"పోతే నన్ను తిట్టు. పడతాను."

ఆ రెండు మూడు రోజులూ తల్లీ కూతుళ్ళ మధ్య ఉప్పు, నీళ్ళు, అన్నం తప్ప వేరే మాట లేదు.

ఆ ఆదివారం ప్రభువు బల్ల, రొట్టె, ద్రాక్షరసం పంచే రోజు. కుసుమకుమారి ఎప్పటిలాగే అందరికన్నా ముందు వెళ్ళింది. గంట అప్పటికే ఎవరో కొట్టేశారు. గుమ్మంలో రాజారత్నం గారు నిలబడి ఉన్నారు. ఆయన కొడుక్కి పోయినేడే ప్రభుత్వ ఉద్యోగం వచ్చింది.

"కుసుమా, కొన్నాళ్ళు రావద్దమ్మా. కమిటీలో అనుకున్నాం. పాలెం మొత్తం మీద అర్జీ పెడతామంటున్నారు. నువ్వు కనపడకపోతే కాస్త చల్లబడుద్ది."

"వస్తానని బాపట్లలో ఒప్పుకుంది ఇక్కడికేనండి. ఇక్కడికే రావద్దంటే, నేనక్కడ దేని కోసం చెప్పినట్టు?"

"నిన్నెవరు చెప్పమన్నారు?" అన్నారు రాజారత్నం గారు.  "నీకు మొండితనం. మా పిల్లల నోటికాడ కూడు తీశావు. పైగా సత్యం అంటావు."

"సత్యం అనలేదండి నేను. ఆ మాట మీరే అంటున్నారు."

వెనక పాస్టరు గారు బల్ల మీద తెల్లగుడ్డ సర్దుతున్నారు. వింటున్నారని వీపు చెబుతోంది. తిరగలేదు.

"లోపల దేవుడు ఉన్నాడో లేడో నాకిప్పుడు తెలీదు," అంది కుసుమకుమారి. "ఉంటే బయటికి కూడా వస్తాడు లెండి." మెట్ల మీద కూర్చుంది.

సంఘం ఆమెను దాటుకుంటూ లోపలికి వెళ్ళింది. ప్రియ రాలేదు. కీర్తనలు మొదలయ్యాయి. ఎండ మోకాళ్ళ మీదికి వచ్చింది. పాట పాడకుండా ఉండటానికి పళ్ళు బిగించింది. పెదవులు మాట వినలేదు, రెండు చరణాలు కలిపాయి. తనను తనే తిట్టుకుని ఆపేసింది.

రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి లోపల వరస కట్టిన చప్పుడు వినపడింది. అప్పుడు రాహేలు బయటికి వచ్చింది. వరసలో నుంచి వచ్చేసింది. వచ్చి మెట్టు మీద కూర్చుని కాళ్ళు చాపుకుంది.  దూరంగా వెంకటప్పయ్య గారి దిగువ చేలు దమ్ము చేసి, నీళ్ళు పెట్టి, అద్దంలా మెరుస్తున్నాయి. పై చేలు అయిపోయాయి. రేపట్నుంచి వీటి వంతు.

"ఆ సోమవారం మేం వాళ్ళ చేలోకి దిగాం వదినా. నువ్వు గట్టు మీద పోతుంటే చూశాను. నువ్వొక్క మాటన్నా అనలేదు."

"అనాలనే ఉంది. ఇప్పటికీ ఉంది."

"అను."

కుసుమకుమారి అనింది. పదేళ్ళ సావాసం చూడకుండా అనింది. రాహేలు తల వంచుకుని పూర్తిగా వింది. చివర్న ముక్కు చీదుకుని, "రేపు దిగం," అంది.

"నా కోసం దిగకుండా ఉండొద్దు."

"నీ కోసం ఏంటి? రేపు నా చెంప కాదా?"

సోమవారం ముఠా వెంకటప్పయ్య గారి దిగువ చేలను దాటుకుంటూ కింది ఊరి రైతు చేలోకి వెళ్ళిపోయింది. గొడవ లేదు, జెండా లేదు. ప్రణవ్ గట్టు మీద నిలబడి అరిచాడు. తులసి అనే పిల్ల మాత్రం, "మాకు వేరే చోట పని ఉందండి," అని చెప్పి నడిచింది. మంగళవారం అతను కాకుమాను నుంచి వేరే ముఠాను ఆటోల్లో రప్పించాడు. రాహేలు రోడ్డు మీద ఆటో ఆపి, ఆ ఆడవాళ్ళతో చెట్టు నీడన మాట్లాడింది. వాళ్ళూ ఆదివారాలు తెల్లచీరలు కట్టుకునే వాళ్ళే. చేలో దిగకుండానే ఆటోలు వెనక్కి తిరిగాయి. గట్టు మీద నారు కట్టలు చివర్లు పసుపెక్కాయి. నీళ్ళ వంతు దాటిపోయి దమ్ము చేసిన చేలు అంచుల్లో బీటలిచ్చాయి.

గురువారం సాయంత్రం వెంకటప్పయ్య పాలెంలోకి వచ్చాడు. కుసుమకుమారి వాకిట్లో నిలబడ్డాడు. ప్రియ కుర్చీ వేసింది. కూర్చోలేదు.

"మావాడు కుర్రతనంతో చేశాడు. నేను ఉంటే జరిగేది కాదు. నీ కూతురి మీద అర్జీ రాయించి పెట్టాడు. నేను చింపిస్తాను. ముఠాను పంపించు."

"పంపడానికి వాళ్ళు నా పాలేళ్ళు కాదండి. వాళ్ళంతట వాళ్ళే మానేశారు."

"నువ్వు చెప్తే దిగుతారు."

కుసుమకుమారి ప్రియ వైపు చూసింది. అర్జీ చింపిస్తానన్న మాట ఆ పిల్ల కోసమే అన్నాడు. ఆ పిల్ల ఒప్పుకోమంటే ఒప్పుకునేదే. ఇక ఆ పిల్ల బతుకు మీద పంతం పట్టే ఓపిక తనకు లేదు.

నాలుగు రోజులుగా ముఠా ఆ చేలు దాటిపోవడం చూస్తున్న ప్రియ అందుకుంది. "అర్జీ పెట్టుకోండి తాతయ్యా. దానికి మేమూ జవాబు చెప్పుకుంటాం. మీ అబ్బాయిని మా అమ్మను కొట్టిన చోటికి రమ్మనండి. అప్పుడున్న వాళ్ళందరూ ఉండాలి. అంతే."

తల్లి ఆ మాట ఊహించలేదు. వెంకటప్పయ్యా ఊహించలేదు. కుర్చీని ఒకసారి చూసి, తిరిగి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున ఆడవాళ్ళు పనికి బయల్దేరే వేళకు ప్రణవ్ చర్చి ముందుకు వచ్చాడు. తండ్రి బండి దగ్గరే ఆగిపోయాడు. కబురు తెలిసి రాజారత్నం గారు, పాస్టరు గారు కూడా వచ్చారు. ప్రణవ్ నేల చూస్తూ, "సారీ," అన్నాడు.

"తిట్టింది తెలుగులో గదా బాబూ," అంది కుసుమకుమారి.

అతని మెడ ఎర్రబడింది. తండ్రి వైపు చూశాడు. తండ్రి కాలవ వైపు చూస్తున్నాడు.

"తప్పయింది. చెయ్యి చేసుకోకూడదు. ఆ మాట అనకూడదు."

జ్ఞానానందం గారు ముందుకు వచ్చారు. ఆయన ముఖంలో చాలా రోజుల బరువు దిగినట్టు ఉంది. "క్షమించానని చెప్పమ్మా. ప్రార్థన చేసుకుందాం."

"విన్నానని చెప్తానండి. క్షమించానని ఇప్పుడంటే అది అబద్ధం. ఆ రోజు వస్తే నేనే వాళ్ళింటికి పోయి చెప్తాను. మీరు తొందరపెట్టొద్దు." కుసుమకుమారి ఆయన కళ్ళలోకి చూసింది. "ఆ బాబు మాట అయింది. మీ మాటే మిగిలి ఉంది అయ్యగారూ."

 పాస్టరు గారి చేతులు ఒకదాన్నొకటి పట్టుకున్నాయి.

"నువ్వు మా సంఘస్తురాలివే అమ్మా," అన్నారు చివరికి. "నేను అట్లా అనకుండా ఉండాల్సింది."

"నాకు తెలుసండి, నేనెవర్నో. బాపట్లలో వాళ్ళకి తెలీదు. అక్కడన్న మాట అక్కడే చెప్పాలి."

"కేసు ఎటూ పోయింది గదా కుసుమా," అన్నారు రాజారత్నం గారు. "ఇప్పుడాయన వెళ్ళి అబద్ధం చెప్పానంటే ఆయన మీదికే వస్తుంది. లాభమేంటి?"

"లాభం లేదండి," అంది ఆమె.

చీర పైకి దోపుకుని చేల వైపు నడిచింది. ముఠా వెనక నడిచింది. ప్రణవ్ వాళ్ళ చేలు దాటేటప్పుడు తులసి ఆగి, దీంట్లో దిగాలా వద్దా అన్నట్టు చూసింది. "ముందు కింది ఊరి చేను కానిద్దాం," అంది రాహేలు. ఎవరూ ఆగలేదు.

కింది ఊరి చేలో నీళ్ళు పిక్కల దాకా ఉన్నాయి. కట్ట విప్పి, ఎడం చేతిలో పట్టుకుని, నాలుగేసి మొక్కలు విడదీసి బొటనవేలితో బురదలోకి అదుముతూ వెనక్కి వెనక్కి అడుగు వేస్తున్నారు. రెండు వరసలు అయ్యాక రోడ్డు మీద బాపట్ల బస్సు హారను మోగింది. రాహేలు నడుం ఎత్తి, చెయ్యి కంటికి అడ్డం పెట్టుకుని చూసింది.

"అయ్యగారు నిలబడ్డారు వదినా. గొడుగు చంకలో పెట్టుకుని."

కుసుమకుమారి ఇంకో నాలుగు మొక్కలు పాతింది.

బస్సు ఆగింది. కాసేపు అట్లాగే ఆగి ఉంది. తరవాత గేరు మార్చుకుని కదిలింది.

"ఎక్కారు," అంది రాహేలు.

కుసుమకుమారి తలెత్తలేదు. ముందుకు వంగిన ముఖం మీద నుంచి చెమటో ఏదో ముక్కు చివరికి జారి నీళ్ళల్లో పడింది. "కట్ట ఇటు పడెయ్," అంది. గొంతులో కోపం అట్లాగే ఉంది.